కన్నకడుపు పగబడితే... కురుడుమలె చెప్పే కథ

తెర మీద కత్తి పట్టిన తండ్రులు
పురాణంలో ప్రళయం తెచ్చిన తల్లి
పగ ఎక్కడ ఆగిందన్నదే అసలు కథ!

కురుడుమలె (ముళబాగలు):

బిడ్డను పోగొట్టుకున్న తండ్రి. స్టేషనుకు పోతే పట్టించుకోరు. కోర్టులో సాక్షులు మాట మారుస్తారు. నోరు మెదపని ఆ మనిషి ఒక రాత్రి అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించుతాడు. ఇంక అక్కణ్నుంచి ఒక్కొక్కడి లెక్క తేలుస్తాడు... ఈ కథను మన కోలారు జిల్లా వాళ్లు మూడు భాషల్లో చూశారు. తెలుగులో చూశారు, కన్నడలో చూశారు, బంగారు గనుల వైపు వాళ్లయితే తమిళంలోనూ చూశారు. హీరో మారతాడు, ఊరు మారుతుంది. ‘ఏం నరికినాడప్పా!’ అని ఇంటర్వెల్లో టీ తాగుతూ మాట్లాడుకోవడం మాత్రం మారదు.

కడుపుకోత, దాని వెనకే పగ. సినిమా పుట్టకముందు నుంచీ ఉన్న కథ ఇది. ముళబాగలుకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న కురుడుమలెలో కొలువైన దేవుడే అలాంటి కథకు సాక్ష్యం. వినాయక చవితికి ఇక్కడికి కర్ణాటక నుంచే కాదు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, చిత్తూరు నుంచీ జనం వస్తారు. సుమారు 13 అడుగుల ఏకశిలా విగ్రహం ముందు చేతులు జోడించే వారిలో, ఆ ఏనుగు తల వెనక ఒక తల్లి కోపం ఉందని గుర్తుచేసుకునే వారు తక్కువే!

దేవతలు కూడిన కొండ

ఊరి పేరుకే ఒక కథ ఉంది. త్రిపురాసురుల మీదికి యుద్ధానికి వెళ్లే ముందు బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఇక్కడ కలుసుకున్నారని, విఘ్నం కలగకుండా తామే ఈ వినాయకుణ్ని ప్రతిష్ఠించారని స్థలపురాణం. దేవతలు కూడిన కొండ కాబట్టి కూటాద్రి, కూడుమలె అయి, నోళ్లలో పడి కురుడుమలె అయిందంటారు. తర్వాత కాలంలో రాముడు, పాండవులు కూడా ఈ స్వామిని పూజించారని ఊరి వాళ్ల నమ్మకం. గుడిని విజయనగర రాజుల కాలంలో శ్రీకృష్ణదేవరాయలు కట్టించారని చెప్పుకుంటారు. పక్కనే ఉన్న సోమేశ్వరాలయం ఇంకా పాతది, చోళుల కాలం నాటిదంటారు.

కురుడుమలె వినాయకుడి ముఖం చూస్తే చల్లగా ఉంటుంది. ఆ ముఖం ఆయనకు ఎలా వచ్చిందో చెప్పే కథ మాత్రం చల్లనిది కాదు.

తల్లి ఆగ్రహం

చవితినాడు మన ఇళ్లలో చదివే వ్రతకథలో గజాసురుడు వస్తాడు, శివుడు బాలుడి తల నరుకుతాడు, పార్వతి దుఃఖిస్తుంది, గజాసురుడి తల తెచ్చి అతికిస్తారు. అక్షతలు వేసుకుని ఉండ్రాళ్లు తింటాం. తల్లి ఏడ్చింది అన్న ఒక్క మాటతో ఆ ఘట్టం అయిపోతుంది.

శివపురాణంలో అట్లా కాదు. ఆ గ్రంథంలోని కుమారఖండం ఈ కథను పెద్ద యుద్ధంగా చెబుతుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఒంటరి బాలుడి మీదికి శివగణాలు వస్తాయి, దేవతలు వస్తారు, విష్ణువూ వస్తాడు. పిల్లవాడు ఒక్కడే అందరికీ ఎదురు నిలుస్తాడు. చివరికి శివుడి త్రిశూలం అతడి తల తెంచుతుంది. గణాలు మద్దెలలు మోగించి పండగ చేసుకుంటాయి.

ఆ మోత పార్వతి చెవిన పడింది. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. లక్ష మంది శక్తులను సృష్టించి, కనబడిన వారినల్లా మింగేయమని ఆజ్ఞాపించింది. దేవతలా, ఋషులా, యక్షులా, రాక్షసులా అన్న తేడా లేదు. తనవారు, పరాయివారు అన్న ఆలోచన కూడా లేదు. బిడ్డను చంపిన చేయి ఒక్కటే. శిక్ష మాత్రం లోకమంతటికీ!

నారదుడు, ఋషులు వచ్చి కాళ్లా వేళ్లా పడ్డారు. అప్పుడు పార్వతి రెండు షరతులు పెట్టింది. ఒకటి, నా బిడ్డ బతకాలి. రెండు, మీ అందరి మధ్యా వాడికి గౌరవమైన స్థానం ఉండాలి. ఈ రెండూ జరిగితేనే సంహారం ఆగుతుందని తేల్చి చెప్పింది. శివుడు ఒప్పుకున్నాడు. ఉత్తర దిక్కుకు వెళ్లి మొదట ఎదురైన దాని తల తెమ్మని దేవతలను పంపాడు. వాళ్లకు ఏనుగు ఎదురైంది. ఆ తల అతికి, బాలుడు లేచి కూర్చున్నాడు. అన్ని పూజల్లోనూ మొదటి పూజ ఇతడికేనని దేవతలందరూ ఒప్పుకున్నారు. శక్తులు వెనక్కి మళ్లాయి.

ఆ తల్లి చంపిన వారి తలలు అడగలేదన్న సంగతి గమనించాలి. బిడ్డను అడిగింది, బిడ్డకు విలువ అడిగింది. పెళ్లికి, గృహప్రవేశానికి, కొత్త స్కూటరుకు మనం వినాయకుడికి ముందుగా కొట్టే కొబ్బరికాయ ఆ తల్లికి లోకం చెల్లించిన పరిహారమే అనుకోవచ్చు.

కోలాహలం... కోలారు!

కురుడుమలెలో పగ ఆగిన కథ ఉంటే, జిల్లా కేంద్రం పేరులోనే పగ రేగిన కథ ఉంది. కోలారుకు పాతపేరు కోలాహలపురం అంటారు. పరశురాముడికి, కార్తవీర్యార్జునుడికి ఇక్కడి శతశృంగ పర్వతం మీద పోరు జరిగిందని, ఆ యుద్ధ కోలాహలం వల్లే ఊరికి ఆ పేరు వచ్చిందని జిల్లాలో చెప్పుకునే కథ. ఊరి దేవత కోలారమ్మను పరశురాముడి తల్లి రేణుకగా కొలిచేవారూ ఉన్నారు.

ఆ పగ నడిచిన తీరు చూడండి. జమదగ్ని ఆశ్రమంలోని కామధేనువును కార్తవీర్యుడు బలవంతంగా తోలుకుపోయాడు. పరశురాముడు వెళ్లి అతడిని చంపాడు. తండ్రిని చంపినందుకు కార్తవీర్యుడి కొడుకులు వచ్చి జమదగ్నిని చంపారు. భర్త శవం మీద పడి రేణుక 21 సార్లు గుండెలు బాదుకుందట. అందుకే కొడుకు 21 సార్లు క్షత్రియ సంహారం చేస్తానని ప్రతిజ్ఞ చేశాడట. ఒక ఆవు దగ్గర మొదలైన తగాదా ఒక జాతినే తుడిచిపెట్టేదాకా పోయింది.

చివరికి ఏమైంది? శమంతపంచకం అనే చోట ఆ రక్తంతో అయిదు మడుగులు నింపి పితృదేవతలకు తర్పణం విడిచాడని భారతం చెబుతుంది. అప్పుడు తాత ఋచీకుడు మొదలైన పితరులు కనబడి వరం కోరుకోమన్నారు. 21 సార్లు గెలిచినవాడు అడిగింది ఏమిటంటే, ఇంతమందిని చంపిన పాపం నుంచి నన్ను తప్పించండి అని! వాళ్లు సరేనన్నారు, ఇక చాలించమన్నారు. గెలిచిన భూమినంతా కశ్యపుడికి దానమిచ్చేశాడు. ఎవరి కోసం పగ తీర్చుకున్నాడో ఆ పెద్దలే ఆపమనాల్సి వచ్చింది.

కార్తవీర్యుణ్ని చంపాక పరశురాముడు శివుణ్ని చూడటానికి కైలాసం వెళితే గుమ్మం దగ్గర అడ్డుకున్నది మన వినాయకుడే. బ్రహ్మవైవర్త పురాణం చెప్పే కథ ఇది. పరశురాముడు గొడ్డలి విసిరాడు. అది తండ్రి ఇచ్చిన ఆయుధమని గుర్తుపట్టిన వినాయకుడు ఎదురు కొట్టకుండా తన దంతం మీద తీసుకున్నాడు, ఏకదంతుడయ్యాడు. పార్వతికి మళ్లీ కోపం వచ్చింది, విష్ణువు వచ్చి శాంతింపజేశాడు. కోలారు కథలోని పగ కురుడుమలె దేవుడి దంతం మీద కూడా గుర్తు వదిలిందన్నమాట!

ఇంకో తండ్రి ఒడిలో...

పుత్రశోకంతో పగబట్టిన తండ్రి అనగానే మన వాళ్లకు ముందు గుర్తొచ్చేది అర్జునుడే. పద్మవ్యూహంలో చిక్కిన అభిమన్యుణ్ని అందరూ కలిసి చంపారు. లోపలికి సాయం పోకుండా అడ్డుకున్నది సైంధవుడు. రేపు పొద్దుగూకేలోగా వాణ్ని చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు శపథం పట్టాడు. యుద్ధంలో పద్నాలుగో రోజంతా ఆ ఒక్క వేటే.

చిన్నప్పటి నుంచి హరికథల్లో, నాటకాల్లో ఈ ఘట్టం చూసినవాళ్లకు కృష్ణుడు సూర్యుడికి చక్రం అడ్డం పెట్టడం గుర్తుంటుంది. దాని తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. సైంధవుడి తండ్రి వృద్ధక్షత్రుడు. తన కొడుకు తలను నేల మీద పడేసినవాడి తల నూరు ముక్కలవుతుందని ఆయన మాట. అది తెలిసిన కృష్ణుడి సలహాతో, అర్జునుడు తెగిన తలను బాణాలతోనే మోయించి శమంతపంచకం దగ్గర సంధ్యావందనం చేసుకుంటున్న వృద్ధక్షత్రుడి ఒడిలో పడేలా కొట్టాడు. జపం ముగించి ముసలాయన లేచాడు. కొడుకు తల నేల మీద పడింది. తండ్రి తల పగిలింది.

అభిమన్యుడి తండ్రి పగ మరో కొడుకుతో, మరో తండ్రితో తీరింది. చోటు కూడా అదే, పరశురాముడు రక్తపు మడుగులు నింపిన శమంతపంచకం. ఆ పరిసరమే కురుక్షేత్రం.

బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కథ చెప్పేటప్పుడు అవతల ఇంకో తండ్రి ఉంటాడన్నది భారతం దాచిపెట్టలేదు. వంద మంది కొడుకులు పోయిన ధృతరాష్ట్రుడు ఆశీర్వదిస్తానని పిలిచి, భీముడనుకుని ఇనుప బొమ్మను కౌగిట్లో నలిపేసింది కూడా పుత్రశోకంతోనే. మనం భీముడి వైపు ఉండి చూస్తాం కాబట్టి ఆయనది కుట్రలా కనిపిస్తుంది. ఆ ముసలాయన వైపు నుంచి సినిమా తీస్తే ఆయనే హీరో!

ద్రౌపది రెండు ముఖాలు

కోలారు, ముళబాగలు, మాలూరుల్లో కరగ ఎత్తితే, చిత్తూరు జిల్లా ఊళ్లలో ద్రౌపదమ్మ గుళ్ల ముందు మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ, ఆ తర్వాత అగ్నిగుండం. ఆ రక్తంతో తడిపి జడ ముడిచే ద్రౌపదిని చూసి ఆడవాళ్లు దండం పెడతారు. పగతీర్చుకున్న ఆడదానికి మన సీమలో ఉన్నంత గౌరవం అంతా ఇంతా కాదు.

అదే ద్రౌపదికి ఇంకో పరీక్ష వచ్చింది. యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామ నిద్రలో ఉన్న ఉపపాండవులు అయిదుగురినీ చంపాడు. వ్యాస భారతం సౌప్తిక పర్వంలో ద్రౌపది ఊరుకోదు. అశ్వత్థామ ప్రాణం తీయాలని, వాడి తలలోని మణి తేవాలని నిరాహారంగా కూర్చుంటుంది. చివరికి మణి దక్కుతుంది, ప్రాణం మాత్రం మిగులుతుంది. తెలుగులో ఈ పర్వాన్ని రాసినది తిక్కన.

భాగవతం ప్రథమ స్కంధంలో కథ వేరు. అర్జునుడు అశ్వత్థామను పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఇప్పుడు తీర్పు ఆమె చేతిలో ఉంది. ఆమె విడిచిపెట్టమంటుంది. ఇతడు గురువుగారి కొడుకు అన్నది ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి. ఇతడి తల్లి కృపి ఉంది. భర్త ద్రోణుడు పోయి ఈ కొడుకు మీద ఆశతో బతుకుతోంది. బిడ్డలు పోయి నేను ఏడుస్తున్నట్టు ఆమె కూడా ఏడవకూడదు అంటుంది. భీముడికి ఆ మాట నచ్చలేదు, చంపాల్సిందే అంటాడు. చివరికి తల గొరిగి, మణి తీసుకుని, ప్రాణాలతో తరిమేస్తారు.

తెలుగువాళ్లకు ఈ ఘట్టాన్ని పోతన ఇచ్చాడు. మన తాతముత్తాతలు గుళ్లో, అరుగు మీద కంఠతా చదువుకున్న భాగవతం ఇది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లి, పగ తీర్చుకునే వీలు పూర్తిగా చేతికి చిక్కిన క్షణంలో, అవతలి తల్లిని చూసింది. అశ్వత్థామ మంచివాడని ఆమె అనలేదు, శిక్ష వద్దని కూడా అనలేదు. శిక్ష పడింది. ఇంకో తల్లికి కడుపుకోత మాత్రం మిగల్లేదు.

తెర మీద లెక్కలు

ఇప్పుడు సినిమాల దగ్గరికి వద్దాం. 1996లో వచ్చిన శంకర్ సినిమా ‘భారతీయుడు’ ఈ కోవలో పెద్ద మలుపు. లంచం ఇవ్వనన్న పాపానికి కాలిన గాయాలతో ఉన్న కూతురు కస్తూరి వైద్యం అందక కన్నుమూస్తుంది. స్వాతంత్ర్య సమరయోధుడు సేనాపతి, కమల్‌హాసన్ పాత్ర, కత్తి పడతాడు. డాక్టరును టీవీ కెమెరా ముందే చంపుతాడు. జనం చప్పట్లు కొట్టారు. చివర్లో లంచం తిని పిల్లల చావుకు కారణమైన సొంత కొడుకునూ అదే కత్తితో చంపుతాడు. కూతురి కోసం మొదలైన పగ కొడుకును కూడా మింగింది. ఆ ఇంట్లో తల్లికి ఎవరు మిగిలారు? సినిమా ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు నిలబడదు.

2022 జూన్‌లో ‘విక్రమ్’ వచ్చింది. కొడుకును చంపిన ముఠా మీద తండ్రి పగ. మళ్లీ కమల్‌హాసనే. 2023 ఆగస్టులో రజనీకాంత్ ‘జైలర్’. పోలీసు అధికారి అయిన కొడుకు చనిపోయాడనుకుని రిటైర్డు జైలరు తలలు తెగ్గొడతాడు. తీరా చూస్తే కొడుకు బతికే ఉన్నాడు, పైగా దొంగల వైపు చేరాడు! లొంగిపొమ్మని తండ్రి బతిమాలినా వినడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. ఎవరి కోసం ఇన్ని తలలు తెగాయో వాడు దానికి తగినవాడు కాదని తేలుతుంది. అంత ఖరీదైన మాట చెప్పి కూడా సినిమా సంబరంగానే ముగుస్తుంది.

2024 జూన్‌లో వచ్చిన విజయ్ సేతుపతి ‘మహారాజ’ ఇంకో అడుగు ముందుకు వేసింది. మంగలి పని చేసుకునే తండ్రి, అన్యాయానికి గురైన కూతురు, పగ. రక్తం ఏరులై పారుతుంది. చివరి పది నిమిషాల్లో దుర్మార్గుడికి తెలిసే నిజం ఏమిటంటే, అన్యాయం జరిగిన ఆ అమ్మాయి ఎవరో కాదు, తన కన్నబిడ్డే. వృద్ధక్షత్రుడి ఒడిలో తల పడ్డట్టు నిజం వచ్చి వాడి ఒడిలో పడుతుంది. అవతలి తండ్రిని ఇంత భయంకరంగా చూపిన సినిమా ఈ మధ్య రాలేదు.

ఈ వరసలో అన్నింటికంటే మనకు దగ్గరి సినిమా మాత్రం ‘దృశ్యం’. 2013లో మలయాళంలో మొదలై, 2014లో కన్నడలో రవిచంద్రన్‌తో ‘దృశ్య’గా, అదే ఏడాది తెలుగులో వెంకటేష్‌తో, 2015లో తమిళంలో కమల్‌హాసన్‌తో ‘పాపనాశం’గా వచ్చింది. కోలారు జిల్లా మాట్లాడే మూడు భాషల్లోనూ ఒకే కథ! అందరూ హీరో తెలివి గురించే మాట్లాడారు. అందులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరు? పోలీసు ఉన్నతాధికారి గీతా ప్రభాకర్. తెలుగులో నదియా చేసిన పాత్ర. కొడుకు ఆచూకీ కోసం చిన్నపిల్లను సైతం కొట్టిస్తుంది. మనం ఆమెను విలన్ అనుకున్నాం. ఆ కథలో పుత్రశోకంతో పగబట్టింది ఆమే.

ఆ సినిమా ముగింపులో తుపాకీ లేదు, కత్తి లేదు. పోయిన కొడుకు తల్లిదండ్రులు హీరో దగ్గరికి వస్తారు. మా వాడు ఇక తిరిగి వస్తాడని ఎదురు చూడాలా అని తండ్రి అడుగుతాడు. హీరో పేరు పెట్టి చెప్పడు, అయినా జరిగింది అర్థమయ్యేలా చెప్పి క్షమాపణ కోరతాడు. ఒక బిడ్డ తండ్రి ఎదుట ఇంకో బిడ్డ తండ్రి తల వంచే ఆ నాలుగు నిమిషాలే థియేటరును నిశ్శబ్దం చేశాయి.

మన జిల్లా పేరు దేశమంతా మోగించిన ‘కేజీఎఫ్’ రెండు భాగాలు 2018, 2022లో వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ గనుల సైనైడ్ దిబ్బల మధ్య షూటింగులు జరిగాయి. అది తల్లికిచ్చిన మాట కోసం రక్తపాతం చేసే కొడుకు కథ. పరశురాముడి ఊరి పక్కన అలాంటి సినిమా తీయడం కాకతాళీయమే. అయినా ఈ ఎర్రమట్టికి ఆ కథ కొత్త కాదు.

సినిమా హాలు దాటితే...

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో ఒక యువ పశువైద్యురాలిని నమ్మించి, అత్యాచారం చేసి చంపి, దహనం చేసిన ఘటన తెలుగు నేలను కుదిపేసింది. ‘దిశ’ కేసుగా అందరికీ తెలుసు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. క్లైమాక్స్ అయ్యాక థియేటర్లో వినిపించే చప్పట్లు ఈసారి రోడ్డు మీద వినిపించాయి.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నిందితుల్లో ముగ్గురు ఆనాటికి మైనర్లని, పది మంది పోలీసుల మీద విచారణ జరపాలని అందులో ఉంది. నేరం కోర్టులో రుజువు కాకముందే నిందితులు పోయారు. ఆ రాత్రి ఆ అమ్మాయికి ఏం జరిగిందో సాక్ష్యాలతో తేల్చే అవకాశం కూడా వాళ్లతోపాటే పోయింది.

ఆ కన్నవాళ్ల కడుపుకోతకు వెల కట్టగలవారు లేరు. నేరం చేసినవాణ్ని క్షమించమని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ద్రౌపదికి కూడా ఎవరూ చెప్పలేదు, ఆమే చెప్పింది. ఇక్కడ అడగాల్సింది పూలు చల్లిన వాళ్లను. బిడ్డ పోయింది ఒక ఇంట్లో. పగ తీరిందన్న సంబరం మాత్రం ఊరంతటిదీ ఎట్లా అయింది?

చట్టం ఇచ్చిన చోటు

పార్వతి అడిగిన రెండో షరతు గుర్తుందా? నా బిడ్డకు మీ మధ్య చోటుండాలి అన్నది. చాలాకాలం మన కోర్టుల్లో చనిపోయినవారి తల్లిదండ్రులకు అసలు చోటే లేదు. కేసు ప్రభుత్వానిది, నిందితుడిది. కన్నవాళ్లు గోడవారన నిలబడే సాక్షులు మాత్రమే. పగ సినిమాలన్నీ పుట్టేది ఆ గోడవారనే!

2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో కొంత మారింది. నేరం వల్ల నష్టపోయినవారికి, వారి వారసులకు ‘బాధితులు’గా గుర్తింపు వచ్చింది. నిందితుణ్ని విడిచిపెట్టినా, చిన్న నేరంగా తేల్చినా, పరిహారం తక్కువ ఇచ్చినా వాళ్లే పైకోర్టుకు వెళ్లొచ్చు. దానికి ముందుగా కోర్టు అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అది మన కర్ణాటక నుంచి వెళ్లిన కొడగలి కేసే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇంకొన్ని ఉన్నాయి. సరిహద్దు ఊళ్ల వాళ్లు ఇవి తెలుసుకోవడం అవసరం.

- ఘటన పలమనేరు వైపు జరిగినా, నంగలి వైపు జరిగినా, మా పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. ఎక్కడైనా ఫిర్యాదు తీసుకుని తర్వాత సరైన స్టేషనుకు పంపాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.
- ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు లేదా బాధితులకు ఉచితంగా ఇవ్వాలి.
- దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా వాళ్లకు చెప్పాలి.
- నిందితుడు దొరకకపోయినా, కేసు విచారణకు రాకపోయినా పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కాగితం మీద ఉన్నదంతా స్టేషను గడప దగ్గర దొరుకుతుందని చెప్పలేం. అడిగి తీసుకోవాల్సిందే. అయితే అటక మీది ట్రంకుపెట్టె దించడానికి ముందు తట్టాల్సిన తలుపులు ఇన్ని ఉన్నాయని తెలియడం కూడా పెద్ద సంగతే.

తండ్రీకొడుకుల గుడి

కురుడుమలె వచ్చినవాళ్లు వినాయకుణ్ని చూసి అటునుంచి అటే వెళ్లిపోకండి. నాలుగడుగులు వేసి సోమేశ్వరాలయం చూడండి. ఈ గుడిలో సగం జక్కనాచారి, సగం ఆయన కొడుకు డంకనాచారి చెక్కారని ఊళ్లో చెబుతారు. రెండు వైపుల పనితనంలో తేడా ఉందని చూపిస్తారు కూడా. ఆ తండ్రీకొడుకులది ఇంకో కథ. కొడుకు కడుపులో ఉండగానే తండ్రి ఇల్లు విడిచి వెళ్లాడు. ఏళ్ల తర్వాత ఒకరికొకరు ఎవరో తెలియకుండానే, తండ్రి చెక్కిన విగ్రహంలో లోపముందని కొడుకు ఎత్తి చూపాడు. పందెం ఓడిన తండ్రి తన చేయి తానే నరుక్కున్నాడని, తర్వాత ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారని చెప్పుకుంటారు. విడిచిపెట్టి పోయిన తండ్రి మీద కొడుకు పగ పట్టడానికి ఆ కథలో కావలసినంత ఉంది. ఊరి వాళ్లు మాత్రం ఇద్దరూ కలిసి గుడి కట్టారనే చెప్పుకున్నారు.

పగ సినిమాలు ఇక మీదటా వస్తాయి, మనమూ చూస్తాం. కడుపు మండిన మనిషి తెర మీదయినా గెలిస్తే బాగుండుననుకోవడం తప్పు కాదు. టికెట్ డబ్బులు వసూలయ్యేది ఆ గెలుపుతోనే. అయితే ఈసారి చివరి తల తెగినప్పుడు, ఆ తల ఏ ముసలి తండ్రి ఒడిలో పడి ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి. సినిమా అది చూపించదు. భారతం చూపించింది.

ఎలా వెళ్లాలి: బెంగళూరు నుంచి కోలారు మీదుగా తిరుపతి వెళ్లే దారిలో ముళబాగలు వస్తుంది. కోలారు నుంచి సుమారు 30 కిలోమీటర్లు. అక్కణ్నుంచి కురుడుమలె పది కిలోమీటర్లు. పలమనేరు వైపు నుంచి వచ్చేవాళ్లు నంగలి దాటి ముళబాగలు చేరుకోవాలి.